చేతులు వణికేది ముసలితనంతో కాదు
మెదడులో ఒక ‘అనాథ’ మేస్త్రీ కథ

నకిరేకల్, కట్టంగూరు, కేతేపల్లి, శాలిగౌరారం పల్లెల్లో అరుగు మీద కూర్చుని ఒక చెయ్యి అదే పనిగా వణుకుతున్న పెద్దమనిషి కనపడటం కొత్త సంగతి కాదు. రూపాయి బిళ్లలు లెక్కపెడుతున్నట్టు బొటనవేలు, చూపుడువేలు ఒకదానికొకటి రాసుకుంటూ ఉంటాయి. నడక చిన్నచిన్న అడుగులైపోతుంది. మొహంలో నవ్వూ ఉండదు, కోపమూ ఉండదు. మాట సన్నబడుతుంది. “ఏమైందే పెద్దయ్యా?” అంటే ఇంట్లోవాళ్లే జవాబు చెబుతారు: “ముసలితనం గదా.” ఇంకొకరు “కల్లు తాగి తాగి గట్లయింది” అంటారు. మరొకరు గాలి సోకిందంటారు, మంత్రం వేయించమంటారు.

ఈ మూడు జవాబులూ తప్పే. అయితే వీటివల్ల జరిగే నష్టం మాత్రం నిజం. ఈ రోగం మొదలైన కూలీకి ముందు పోయేది ప్రాణం కాదు, పని. పత్తి ఏరే ముఠాలో వేలు చురుగ్గా ఆడకపోతే సాయంత్రానికి తూకం తక్కువొస్తుంది. నాటు వేసేటప్పుడు వరస వెనకబడుతుంది. నాలుగు రోజులు చూసి ముఠా మేస్త్రీ “నువ్వు రేపటినుంచి రాకమ్మా” అంటాడు. ఒళ్లు దాచుకుంటున్నదని తోటివాళ్లే గొణుగుతారు. రోగం పేరు తెలియక, మందు ఉందని తెలియక, సోమరి అన్న పేరు మోస్తూ ఏళ్లకు ఏళ్లు గడిపే శ్రమజీవుల కోసమే ఈ వ్యాసం. ఈ వణుకుకు పేరుంది, కారణముంది, మందుంది. కారణాల్లో ఒకదానికి మన చేలగట్ల మీద కొట్టే మందుతో సంబంధం ఉంది. కాబట్టి ఇది డాక్టర్లకు వదిలేసే విషయం కాదు, కూలి సంఘాలు పట్టించుకోవలసిన విషయం.

వణుకుకు పేరు పెట్టిన మనిషి

ఈ రోగాన్ని పార్కిన్‌సన్ జబ్బు అంటారు. 1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్‌సన్ అనే డాక్టరు ‘వణుకు వాతం’ మీద చిన్న పుస్తకం రాశాడు. అందులో ఆయన వర్ణించింది ఆరుగురు రోగుల్ని. వాళ్లలో కొందరిని వీధిలో నడుస్తుండగా చూసి, ఆపి మాట్లాడి రాసుకున్నాడు. పేదలుండే హాక్స్‌టన్ పేటలో వైద్యం చేసిన మనిషి ఆయన.

మన పాఠకులకు ఆయన గురించి మరో సంగతి కూడా తెలియాలి. పార్కిన్‌సన్ రాజుల మెప్పు కోరినవాడు కాడు. ఫ్రెంచి విప్లవం జరిగిన రోజుల్లో, సామాన్యుడికి ఓటు హక్కు కావాలని కొట్లాడిన లండన్ కరస్పాండింగ్ సొసైటీలో ఆయన సభ్యుడు. ‘ముసలి హ్యూబర్ట్’ అన్న మారుపేరుతో పేదల పక్షాన కరపత్రాలు రాశాడు. 1794లో ఆ సంఘం వాళ్ల మీద రాజును చంపజూశారని కేసు పెడితే, ప్రభుత్వ పెద్దల సభ ముందు నిలబడి తన తోటివాళ్ల తరఫున సాక్ష్యం చెప్పాడు. రోగాన్ని కర్మ అనకుండా కళ్లతో చూసి రాయగలిగాడంటే, దాని వెనక మనిషిని మనిషిగా చూసే ఈ దృష్టి కూడా ఉన్నదని మేము అనుకుంటాం.

ఆయన లక్షణాలు చెప్పాడు గాని కారణం చెప్పలేకపోయాడు. కారణం దొరకటానికి మరో నూట నలభై ఏళ్లు పట్టింది.

సర్పగంధి, దూలగొండి చెప్పిన రహస్యం

మన మెదడు కింది భాగంలో, వెన్నుపాముకు పైన, నల్లటి చిన్న పట్టీ ఒకటి ఉంటుంది. అక్కడి నాడీకణాలు డోపమైన్ అనే రసాయనిక ద్రవ్యాన్ని తయారుచేస్తాయి. చెయ్యి చాచాలన్నా, కొడవలి తిప్పాలన్నా, లేచి నడవాలన్నా ఆజ్ఞ సాఫీగా సాగిపోవటానికి డోపమైన్ కావాలి. ఈ కణాలు కోట్లలో లేవు, కొన్ని లక్షలే. అవి ఒక్కొక్కటే చచ్చిపోతుంటే ఆ నల్లపట్టీ పాలిపోతుంది. సగమో, అంతకన్నా ఎక్కువో పోయిన తర్వాతగాని వణుకు బయటపడదు. అంటే మనకు రోగం కనపడేనాటికి లోపల నష్టం చాలా ముదిరి ఉంటుంది.

ఈ సంగతి తేలటంలో మన నేల మీది మొక్కలకు రెండుచోట్ల పాత్ర ఉంది. మన దేశంలో తరతరాలుగా వాడుకలో ఉన్న సర్పగంధి వేరు నుంచి రిసర్పిన్ అనే రక్తపోటు మందు తీశారు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో ఆ మందును కుందేళ్లకు ఇచ్చాడు. అవి కదలకుండా చతికిలబడ్డాయి. ఆ తర్వాత డోపమైన్‌గా మారే ముడి పదార్థం ‘ఎల్-డోపా’ ఇస్తే లేచి తిరిగాయి. కదలికకు డోపమైనే మూలమని అలా తేలింది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ అనే శాస్త్రజ్ఞుడు, ఈ రోగంతో చనిపోయినవాళ్ల మెదడుల్ని పరీక్షించి అక్కడ డోపమైన్ బాగా తగ్గిపోయిందని చూపించాడు. మరుసటి ఏడే రోగులకు ఎల్-డోపా సూది వేస్తే, మంచం పట్టినవాళ్లు లేచి నడిచారు. 1967లో అమెరికాలో కోట్‌జియాస్ దాన్ని నోటి ద్వారా, మెల్లగా మోతాదు పెంచుతూ ఇచ్చే పద్ధతి తెచ్చాడు. నేటికీ ఈ రోగానికి అదే ప్రధానమైన మందు.

ఆ ఎల్-డోపా మన పొలాల గట్ల మీద పెరిగే దూలగొండి గింజల్లో ఉంది. కాయ తగిలితే ఒళ్లంతా దురద పుట్టించే ఆ తీగే. దాని గింజల్లో ఎల్-డోపా ఉన్నదని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు నిరూపించారు. 2017లో ఇటలీ డాక్టర్లు బొలీవియా దేశంలో 18 మంది రోగులకు వేయించిన దూలగొండి గింజల పొడి ఇచ్చి చూశారు. మందుగోలీకి దీటుగా పనిచేసిందని రాశారు. గోలీలు కొనలేని పేదదేశాల కోసం చేసిన ప్రయత్నం అది. అయితే డాక్టరు చూడకుండా గింజలు నూరి తాగటం మంచిది కాదు. ఒక్కో గింజలో మందు పాళం ఒక్కోలా ఉంటుంది. ఎక్కువైతే వాంతులు, కళ్లు తిరగటం, మనసు చెదరటం తప్పవు.

అనాథ మేస్త్రీ

ఎల్-డోపా పోయిన ద్రవ్యాన్ని పూడుస్తుంది గాని, చచ్చిపోతున్న కణాలను ఆపదు. బావి ఎండిపోతుంటే ట్యాంకరు నీళ్లు పోసినట్టు. బావి ఎందుకు ఎండుతున్నది? ఈ ప్రశ్న దగ్గరే శాస్త్రజ్ఞులకు ఒక ‘అనాథ’ దొరికింది.

మన ఒంట్లో దాదాపు ప్రతి జీవకణం నడుమ ఒక కేంద్రకం ఉంటుంది. వంశపారంపర్యంగా వచ్చిన జన్యువులు దాదాపు అన్నీ అక్కడే ఉంటాయి. ఊరి దస్తరమంతా పట్వారీ ఇంట్లో ఉన్నట్టు. ఏ కాగితం ఎప్పుడు తీయాలో, ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో చూసే మేస్త్రీల వంటి మాంసకృత్తులు కొన్ని కేంద్రకంలో ఉంటాయి. వీటిని కేంద్రక గ్రాహకాలు అంటారు. మనిషిలో ఇవి 48 రకాలు. వీటిలో చాలావాటికి పైనుంచి ఉత్తర్వు రావాలి. థైరాయిడ్ ద్రవ్యమో, స్త్రీ హార్మోనో, డి విటమినో వచ్చి అంటుకుంటేనే పనిలోకి దిగుతాయి. కొన్నిటికి మాత్రం ఉత్తర్వు ఇచ్చేది ఎవరో తెలియలేదు. అమ్మానాన్నలెవరో తెలియని పిల్లల్ని అన్నట్టు వీటికి ‘అనాథ గ్రాహకాలు’ అని పేరు పెట్టారు.

1992లో అమెరికాలోని హూస్టన్ శాస్త్రజ్ఞులు చిట్టెలుక మెదడులో అలాంటి అనాథనొకదాన్ని కనుగొన్నారు. దానికి ‘నర్1’ అని పేరు పెట్టారు. దాన్ని తయారుచేసే జన్యువును ‘ఎన్ఆర్4ఏ2’ అంటారు. మామూలు గ్రాహకానికి ఉత్తర్వు అంటుకునే గుంట ఒకటి ఉంటుంది. 2003లో నర్1 ఆకారాన్ని చూస్తే ఆ గుంట పూడిపోయి ఉంది. ఎవరూ చెప్పకపోయినా తన పని తాను చేసుకుపోయే మేస్త్రీ అన్నమాట. ఈ మధ్య సంవత్సరాల్లో శరీరంలోని కొన్ని ద్రవ్యాలు దానికి అంటుకుంటాయని ప్రయోగశాలల్లో చూపారు. అయినా అనాథ అన్న పేరు పోలేదు.

మరి దాని పనేమిటి? 1997లో స్వీడన్ శాస్త్రజ్ఞులు, అమెరికా వాళ్లు ఈ జన్యువు లేని చిట్టెలుకలను పుట్టించి చూశారు. వాటి మెదడు తక్కినదంతా ఉంది గాని, నల్లపట్టీలో డోపమైన్ తయారుచేసే కణాలు మాత్రం లేవు. పిల్లలు పాలు కుడవలేక పుట్టిన కొద్దిసేపటికే చనిపోయాయి. డోపమైన్ తయారుచేసే పనిముట్టు, దాన్ని సంచుల్లో నింపి నిలవచేసే ఏర్పాటు, బయటికి పోయినదాన్ని తిరిగి లోపలికి లాక్కునే ఏర్పాటు, కణాన్ని బతికించే పోషక ద్రవ్యాన్ని అందుకునే చెయ్యి—వీటన్నిటికీ సంబంధించిన జన్యువులను తెరిచే పని నర్1ది.

పుట్టినప్పుడే కాదు, ముసలితనం దాకా దాని అవసరం ఉంది. పెరిగిన ఎలుకల్లో ఆ జన్యువును ఆపేస్తే డోపమైన్ కణాలు క్రమంగా చెడిపోయాయని 2009లో చూపారు. పార్కిన్‌సన్ రోగంతో చనిపోయినవాళ్ల నల్లపట్టీలో నర్1 తగ్గిపోయిందని 2006లోనే గమనించారు. అదే 2009లో మరో సంగతి తేలింది. మెదడులో కాపలా తిరిగే కణాలు కొన్ని ఉంటాయి. అవి మితిమీరి రెచ్చిపోతే పక్కనున్న మంచి కణాల్ని కూడా చంపుతాయి. ఆ రెచ్చిపోవటాన్ని అణచేది కూడా నర్1. అంటే ఒకే మేస్త్రీ పని నడిపిస్తాడు, తగాదా తీరుస్తాడు. ఆ మేస్త్రీ బలహీనపడితే రెండూ చెడతాయి.

2003లో అమెరికాలో వంశంలో ఈ రోగమున్న 107 కుటుంబాలను పరీక్షించగా 10 కుటుంబాల్లో ఈ జన్యువులో లోపం కనపడింది. తర్వాత ఇతర దేశాల్లో వెతికినవాళ్లకు అలాంటి లోపం చాలా అరుదుగానే దొరికింది. కాబట్టి “మా వంశంలో ఉంది, మాకు రాసి పెట్టి ఉంది” అనుకోవలసిన పనిలేదు. నూటికి తొంభైమంది దాకా రోగులకు వంశంలో ఒక్క లోపం చూపి ఇదీ కారణమని చెప్పలేం. వయసు, వంశం, బయటి విషం కలిసి పనిచేస్తాయి.

గడ్డిమందు దగ్గరికి వద్దాం

బయటి విషం సంగతి 1982లో అమెరికాలోని కాలిఫోర్నియాలో బయటపడింది. దొంగసారా కాచినట్టు దొంగచాటుగా తయారుచేసిన మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులు కొద్ది రోజుల్లోనే కొయ్యబారిపోయారు. అచ్చం ముదిరిన పార్కిన్‌సన్ రోగమే. మందులో ‘ఎంపిటిపి’ అనే కల్తీ ఉంది. అది మెదడులోకి పోయి మారిన రూపం నల్లపట్టీ కణాల్లోకి దూరి, వాటికి శక్తినిచ్చే పొయ్యిని ఆర్పేసింది. ఆ మారిన రూపపు నిర్మాణం, చేలల్లో కలుపు చంపటానికి కొట్టే పారాక్వాట్ అనే గడ్డిమందు నిర్మాణానికి దగ్గరిది. దాంతో శాస్త్రజ్ఞుల చూపు పొలాల మీదికి మళ్లింది.

ఇక్కడే అనాథ మేస్త్రీ మళ్లీ వస్తాడు. ప్రతి జన్యువూ రెండు ప్రతులుంటుంది. నర్1 జన్యువు ఒక ప్రతే ఉన్న చిట్టెలుకలు మామూలుగానే బతుకుతాయి. అయితే వాటికి ఎంపిటిపి విషం ఇస్తే తక్కిన ఎలుకల కన్నా ఎక్కువ నష్టపోయాయని 1999లో చూపారు. దీని అర్థం మనకు ముఖ్యమైనది. మేస్త్రీ సగం బలంతో ఉంటే విషం మరింతగా పని చేస్తుంది. ఒకే మందు కొట్టిన ఇద్దరు కూలీల్లో ఒకడికి రోగం వచ్చి ఇంకొకడికి రాకపోవటంలో ఆశ్చర్యం లేదు. “వాడు ముప్పై ఏళ్లనుంచి కొడుతున్నాడు, వాడికేమైంది?” అనే ఆసామి వాదం చెల్లదు.

2009లో కాలిఫోర్నియాలో, పారాక్వాట్, మానెబ్ అనే మందులు కలిపి కొట్టే చేలకు 500 మీటర్ల లోపు నివసించిన వాళ్లకు ఈ రోగం వచ్చే అవకాశం 75 శాతం ఎక్కువని తేల్చారు. 2011లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు మందు కొట్టే రైతుల మీద చేసిన అధ్యయనంలో, పారాక్వాట్ గాని రొటినోన్ గాని వాడినవాళ్లకు రోగం రెండున్నర రెట్లు ఎక్కువగా కనపడింది. ఆ రైతుల్లోనే, చేతులకు తొడుగులు వేసుకుని పనిచేసినవాళ్లకు పారాక్వాట్ వల్ల ఈ ప్రమాదం అంతగా కనపడలేదని 2015లో రాశారు. తొడుగు ఖరీదెంత, మనిషి చెయ్యి ఖరీదెంత అన్నది ఆలోచించాలి.

పారాక్వాట్‌ను 1962 నుంచి అమ్ముతున్నారు. స్విట్జర్లాండ్ దాన్ని 1989లో నిషేధించింది. యూరోపియన్ యూనియన్‌లో 2007లో అనుమతి పోయింది. మన దేశంలో కేరళ ప్రభుత్వం 2011లో నిషేధించింది. బ్రెజిల్, థాయిలాండ్ 2020లో ఆపేశాయి. దాన్ని తయారుచేస్తూ వచ్చిన సింజెంటా స్విట్జర్లాండ్ కంపెనీ. సొంత దేశంలో చల్లటానికి వీల్లేని మందును అది ఏళ్ల తరబడి పేదదేశాల చేలకు అమ్ముకుంది. పార్కిన్‌సన్ రోగానికీ తమ మందుకూ లంకె రుజువు కాలేదని ఆ కంపెనీ వాదిస్తూ వచ్చింది. అమెరికా కోర్టుల్లో వేలాదిమంది రైతులు, కూలీలు దావాలు వేశారు. నోట్లోకి పోతే ఈ మందుకు విరుగుడు లేదన్నది మాత్రం ఎవరూ కాదనలేని నిజం. తెలంగాణ పల్లెల్లో గడ్డిమందు తాగి చనిపోయినవాళ్ల ఇళ్లు అందుకు సాక్ష్యం.

ప్రతి వణుకూ గడ్డిమందు వల్లనే వచ్చిందని మేము చెప్పటం లేదు. చేను మొహం చూడని పట్నం వాళ్లకూ ఈ రోగం వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 నాటికి ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా రోగులున్నారు. మేము చెప్పేది ఒక్కటే. ముప్పు ఉందని తెలిసినప్పుడు ఆ ముప్పు ఎవరి నెత్తిన పడుతున్నదో చూడాలి. మన దగ్గర పత్తి చేలో, బత్తాయి తోటలో, నిమ్మ తోటలో వీపున పంపు వేసుకుని మందు కొట్టేది కూలీ. బకెట్లో మందు కలిపేది, నీళ్లు మోసేది ఆడకూలీ. మందు తడి ఆరని చేలో చెప్పులు లేకుండా కలుపు తీసేది ఆమే. లాభం కంపెనీది, పంట ఆసామిది, విషం మాత్రం కూలీది.

నల్లగొండ జిల్లా వాళ్లకు ఈ పాఠం కొత్తది కాదు. మర్రిగూడ, మునుగోడు వైపు నడుములు వంగిపోతే ఒకప్పుడు కర్మ అన్నారు. తర్వాత తాగేనీళ్లలోని ఫ్లోరైడు అని తేలింది. తేలినంత మాత్రాన నీళ్లు రాలేదు. దశాబ్దాలు కొట్లాడితే వచ్చాయి.

చలిజ్వరం గోలీ నుంచి కొత్త మందు?

నర్1ను బలపరిచే మందు దొరికితే, పోయిన డోపమైన్‌ను పూడ్చటమే కాదు, కణాలను బతికించవచ్చునని ఆశ. 2015లో అమెరికాలోని మెక్లీన్ ఆస్పత్రి, సింగపూర్ శాస్త్రజ్ఞులు కలిసి వాడుకలో ఉన్న మందుల్ని వెతికితే నర్1కు అంటుకునేవి దొరికాయి. అవి ఏవో కావు, అమోడియాక్విన్, క్లోరోక్విన్. మలేరియా గోలీలే! రోగం పుట్టించిన ఎలుకలకు అమోడియాక్విన్ ఇస్తే వాటి కదలిక మెరుగుపడింది. దోమ వల్ల మలేరియా వస్తుందని 1897లో రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే కనిపెట్టాడు. ఆ జ్వరం గోలీ ఇలా వణుకు రోగం దగ్గరికి వచ్చి చేరటం విచిత్రమే. 2023లో క్లోరోక్విన్ నమూనా మీదే, మెదడులోకి బాగా పోయే కొత్త ద్రవ్యం తయారుచేసి ఎలుకల్లో మంచి ఫలితాలు చూపారు.

ఒక హెచ్చరిక. ఇది విని ఎవరూ మలేరియా గోలీలు కొని మింగవద్దు. ఎలుకకు పనిచేసింది మనిషికి పనిచేస్తుందని ఇంకా రుజువు కాలేదు. క్లోరోక్విన్ మోతాదు మించితే గుండె ఆగుతుంది, ఏళ్ల తరబడి వాడితే కంటిచూపు చెడుతుంది. నర్1 మందు ఈనాటికి దుకాణానికి రాలేదు.

వచ్చిననాడు ఎవరికి అందుతుంది? ఇదీ మన ప్రశ్నే. 1961లో ఏర్పడిన ఐడిపిఎల్, సోవియట్ సహకారంతో హైదరాబాదు బాలానగర్‌లో మందుల కర్మాగారం పెట్టింది. 1970 పేటెంటు చట్టం వల్ల మన దేశం చౌకగా మందులు చేసుకోగలిగింది. ఐడిపిఎల్‌ను 1992లో ఖాయిలా పరిశ్రమ అన్నారు. 2005లో పేటెంటు చట్టం మార్చి కంపెనీలకు మందు మీదే గుత్తహక్కు ఇచ్చారు. ప్రజల డబ్బుతో నడిచే విశ్వవిద్యాలయాల్లో అనాథ గ్రాహకాన్ని కనిపెడతారు. దాని మీది మందును మాత్రం కంపెనీ ఇరవై ఏళ్లు తన సొత్తుగా అమ్ముకుంటుంది.

ఇప్పుడు చేయవలసినవి

మొదట రోగాన్ని గుర్తుపట్టాలి. చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణికి, పని చేసేటప్పుడు తగ్గితే అనుమానించాలి. సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది. నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగదు. అందరికీ వణుకు ఉండదు, కొందరికి పని మందగించటం, ఒళ్లు బిగుసుకుపోవటమే ఉంటుంది. వాసన తెలియకపోవటం, మలబద్ధకం, నిద్రలో అరుస్తూ కాళ్లూ చేతులూ కొట్టుకోవటం కొందరికి ఏళ్ల ముందే మొదలవుతాయి. కల్తీ కల్లు మానినప్పుడు వచ్చే వణుకు వేరు. అది రెండు చేతులకూ వస్తుంది, చెమటలు, కలవరింతలు ఉంటాయి. దానికి వేరే వైద్యం, అదీ ఆలస్యం చేయకూడనిదే.

రెండోది, వేసుకుంటున్న మందులేమిటో చూసుకోవాలి. వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, తల తిరిగితే ఇచ్చే ప్రోక్లోర్‌పెరజిన్, సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్, మానసిక జబ్బుకిచ్చే హాలోపెరిడాల్ నెలల తరబడి వాడితే అచ్చం ఇదే రోగంలా వణుకు, బిగువు వస్తాయి. డాక్టరు చూసి ఆపితే చాలామందికి తగ్గిపోతుంది. ఆర్‌ఎంపి దగ్గర ఏ గోలీలు ఇస్తున్నారో చీటీ అడిగి దాచుకోండి. మానసిక జబ్బు మందును మాత్రం డాక్టరుకు చెప్పకుండా మీ అంతట మీరు ఆపవద్దు.

మూడోది, లెవోడోపా గోలీ. అది అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది. తిండికి అరగంట ముందు వేసుకోవాలి. పప్పు, గుడ్డు, మాంసంతో కలిపి వేసుకుంటే సరిగా ఎక్కదు. కొంచెం బాగయిందని ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు బిగుసుకుపోయి, జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మందుతో పాటు నడక, కసరత్తు కూడా వైద్యమే.

ఇంతకూ ఈ గోలీ రాసే డాక్టరు ఎక్కడున్నాడు? నరాల డాక్టరు కోసం నకిరేకల్ నుంచి హైదరాబాదులోని నిమ్స్‌కో, ఉస్మానియాకో, గాంధీకో పోవాలంటే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. రోగికి తోడుపోయిన మనిషి కూలి కూడా పోతుంది. నల్లగొండలో, సూర్యాపేటలో 2019లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. అక్కడ వారానికొక రోజైనా నరాల డాక్టరు చూడాలి, నకిరేకల్ సర్కారు దవాఖానలో నెలనెలా గోలీ ఉచితంగా ఇవ్వాలి అని అడగటం గొంతెమ్మ కోరిక కాదు.

ఫ్రాన్సు దేశం 2012లో, పురుగుమందులతో పనిచేసినవాళ్లకు వచ్చే పార్కిన్‌సన్ రోగాన్ని వృత్తిరోగంగా గుర్తించింది. అక్కడ రైతుకూ, వ్యవసాయ కార్మికుడికీ పరిహారం అడిగే హక్కు ఏర్పడింది. అది దయతో ఇచ్చింది కాదు, రోగులు, సంఘాలు వెంటపడితే వచ్చింది. మన దేశంలోనూ ఆ గుర్తింపు రావాలి. మందు కొట్టే పనికి పిలిచే ఆసామే చేతి తొడుగులు, ముక్కుగుడ్డ, సబ్బు, నీళ్లు ఇవ్వాలి. కొట్టిన చేలోకి ఎన్ని రోజుల తర్వాత పోవాలో ముందే చెప్పాలి. డబ్బా మీది అక్షరాలు తెలుగులో, చదవగలిగే సైజులో ఉండాలి. ఇవి కూలి రేటుతో పాటు ముందే మాట్లాడుకోవలసిన షరతులు.

అన్నిటికన్నా ముందు సంఘం చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి గ్రామంలో ఎవరికి ఈ వణుకు ఉన్నదో, వాళ్లు ఏ పని చేశారో, ఎన్నేళ్లు మందు కొట్టారో, ఏ మందు కొట్టారో ఒక పుస్తకంలో రాయటం. రేపు పరిహారం అడిగేటప్పుడు “రుజువేది?” అంటారు. జేమ్స్ పార్కిన్‌సన్ ఆరుగురిని చూసి రాసిన చిన్న పుస్తకమే రెండు వందల ఏళ్లుగా నిలిచింది. నోటు పుస్తకం, పెన్ను, మంత్రం మాటలు నమ్మని నలుగురు యువకులు ఉంటే చాలు, మన ఊరి పుస్తకం కూడా మొదలవుతుంది.